బదులు పలికే గది

ఆమెను పనివాళ్ళందరూ లైట్లమ్మ అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. ఎదురుగా అయితే మేడమ్. నన్ను మాత్రం మొదటి రోజే బాబాయ్ అని పిలిచింది కాబట్టి నేను అమ్మాయ్ అనేవాణ్ణి. నాది సోఫా రిపేర్ల దుకాణం. చిరిగిన కుర్చీలకు కొత్త రెక్సిన్ వెయ్యడం, కుంగిపోయిన మెత్తలు విప్పి ఫోమ్ మార్చడం నా పని. ఆమె ఒకరోజు దుకాణంలోకి వచ్చి, అటూ ఇటూ చూసి, "బాబాయ్, గోడలకి మెత్తలు కుట్టగలరా?" అని అడిగింది.

"గోడ మీద ఎవరు కూర్చుంటారమ్మా?" అన్నాను.

"కూర్చోరు. తల కొట్టుకుంటారు," అంది.

నవ్వుతూనే అంది గానీ, నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

తర్వాత కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. కొందరు పిల్లలకి, కొందరు పెద్దవాళ్ళకి లోకం మరీ గట్టిగా వినబడుతుందట, మరీ వెలుగుగా కనబడుతుందట. మనం పట్టించుకోని ట్యూబులైటు రొద వాళ్ళకి చెవిలో జోరీగ. చొక్కా కాలరు గుచ్చుకుంటే ముల్లు దిగినట్టే. నోరు తెరిచి చెప్పగలిగినవాళ్ళు చెబుతారు. చెప్పలేనివాళ్ళు అరుస్తారు, గోడకేసి తల బాదుకుంటారు. అలాంటివాళ్ళ కోసం ఆమె గదులు తయారుచేసేది. నేల మీద అడుగు వేస్తే అక్కణ్ణుంచి నీలం వెలుగు నీళ్ళు ఒలికినట్టు పాకేది. గోడకి చెయ్యి ఆనిస్తే ఆ చేతి కింద సన్నగా ఒక మోత పుట్టేది. చెయ్యి తీస్తే ఆగేది. నోరు మెదపకుండా కూర్చుంటే గది కూడా నోరు మెదపకుండా కూర్చునేది.

"బయట లోకం ఏం చేసినా వీళ్ళు భరించాలి బాబాయ్. ఇక్కడ మాత్రం వీళ్ళేం చేస్తే దానికి గది బదులు చెప్పాలి," అనేది.

ఆమె పని చేసే తీరు చూస్తే కొత్తవాళ్ళకి నవ్వొచ్చేది. ఖాళీ గది ఇస్తే ముందు కొలతలు తీసేది కాదు. నేల మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకునేది. పూటంతా అలాగే. వడ్రంగి నా దగ్గరికొచ్చి, "మేడమ్‌కి ఒంట్లో బాలేదేమో అడగండి," అని గొణిగేవాడు. చివరికి ఆమె లేచి, పక్క గదిలో ఫ్రిజ్ ఉందనీ, గోడలో నీళ్ళ పైపు వెళుతోందనీ, ఆ రెండింటి సంగతి తేల్చకుండా ఎన్ని లైట్లు పెట్టినా దండగేననీ చెప్పేది. లైట్లు కొనేటప్పుడైతే షాపువాడి తల ప్రాణం తోకకొచ్చేది. ఒక్కో లైటునీ సగానికి తగ్గించి, సెల్‌ఫోన్ కెమెరా దాని ముందు పెట్టి చూసేది. తెర మీద నల్ల చారలు కదిలితే ఆ లైటు పనికిరాదు. మన కంటికి నిలకడగా కనబడుతూనే అది లోపల కొట్టుకుంటూ ఉంటుందట. మా అన్నయ్య కంటికి తెలిసిపోతుంది అనేది.

ఆ అన్నయ్యే ఆమె చదువు. పేరుకి నాటకాల కంపెనీలో లైట్లు వేస్తూ పని నేర్చుకుంది గానీ, "రాజుగారు చచ్చిపోతే ఎర్ర లైటు, పెళ్ళయితే పచ్చ లైటు, అక్కడ నేర్చుకున్నది అంతే బాబాయ్," అని కొట్టిపారేసేది. అన్నయ్య ఆమెకంటే బాగా పెద్ద. పుట్టుకతోనే మాటలు లేవు. మీసం నెరిసే వయసొచ్చినా ఇంట్లో అతను పెద్దోడే. కుక్కరు కూత పెడితే, వీధిలో ఎవరైనా మోటారు సైకిలు స్టార్టు చేస్తే, రెండు చెవులూ మూసుకుని గోడ దగ్గరికి పరిగెత్తేవాడు. ఏడెనిమిదేళ్ళ వయసులో ఆమె మంచం చుట్టూ దుప్పటి కట్టి, టార్చిలైటుకి చాక్లెట్ల రంగు కాగితం చుట్టి, అన్నని మంచం కిందికి లాక్కుపోయేది. పక్కన పడుకుని పెదవులు విప్పకుండా కూనిరాగం తీసేది. పాటా కాదు, ఏమీ కాదు. అతను ఆమె గొంతు మీద అరచెయ్యి వేసి, ఆ అదురుని పట్టుకుని పడుకునేవాడు. వాళ్ళమ్మ, "ఇద్దరికిద్దరూ సరిపోయారు," అని అన్నం కంచాలు మంచం కిందికే తోసేదట.

ఆమె పెళ్ళి చేసుకుని వేరే వచ్చేసినా అన్నయ్య వాళ్ళమ్మ దగ్గరే ఉన్నాడు. ఆమె భర్త మందుల షాపులో పనిచేస్తాడు. నెమ్మదస్తుడు. ఒక కూతురు. బడికి వెళ్ళే వయసు. వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ బండి ఎలాగో నడిచింది. ఆవిడ గుండెపోటుతో పోయాక పెద్దోణ్ణి తెచ్చి తమ మూడో అంతస్తు ఇంట్లో పెట్టుకున్నారు.

ఆ ఇంటికి నేను వెళ్ళాను. గోడలకి మెత్తలు నేనే వేశాను. కానీ లిఫ్టు చప్పుడుకి ఏ మెత్త వెయ్యగలం? కింది ఇంటివాళ్ళు కర్రతో కప్పు కొట్టేవారు, అరుపు ఆపమని. కప్పు కొడితే ఇతను ఇంకా అరిచేవాడు. ఒకరోజు పారిపోబోతూ అడ్డంగా ఉన్న పిల్లని తోసేశాడు. కావాలని కాదు. పిల్ల పెదవి చిట్లింది.

ఆ సాయంత్రం భర్త అన్న మాటలు ఆమే నాకు చెప్పింది.

"బావని పంపించెయ్యమని నేననను. కానీ బావకి నిద్ర లేదు, పాపకి నిద్ర లేదు, మనకీ లేదు. ఇలా ఎన్నాళ్ళు?"

"ఎక్కడికి పంపిస్తామండీ? వాడికి నేను తప్ప ఎవరున్నారు?"

"అదే నేనూ అడుగుతున్నాను. నువ్వే చెప్పు."

ఊరి చివర ఒక హోమ్ ఉంది. ఇలాంటి పెద్దవాళ్ళనే చేర్చుకుంటారు. ఒకప్పటి గోదాము, తర్వాత గదులుగా గోడలు కట్టారు. అక్కడి సూపరింటెండెంటు ఆమె పని గురించి విని ఉంది. "మాకూ అలాంటి గది ఒకటి చేసి పెట్టండి, మీ అన్నయ్యని తప్పకుండా చేర్చుకుంటాం," అంది. ఆమెకి కొండంత అండ దొరికినట్టయింది. వాడు వేరేచోట ఉన్నా నా గదిలోనే ఉంటాడు గదా బాబాయ్ అని నాకు ఫోన్ చేసి చెప్పింది. ఆ గొంతులో సంతోషం చాలాకాలం తర్వాత విన్నాను.

ఆ గది కోసం ఆమె పడిన కష్టం ఇంక దేనికీ పడలేదు. పైకప్పులో ఒక మైకు. గదిలో ఎవరైనా అరిస్తే మైకు వింటుంది. అరుపు ఎంత గట్టిగా ఉంటే లైట్లు అంత లోతైన నీలంలోకి దిగిపోతాయి. నేల కింద నుంచి ఒక మోత పైకి వస్తుంది, చెవికి కాదు, ఒంటికి తెలిసేలా. అరుపు తగ్గేకొద్దీ నీలం కరిగి, పొద్దున్నే కిటికీలోంచి వచ్చే వెలుగులా మారుతుంది. మోత వెనక్కి తగ్గుతుంది. ఇదీ ఆమె ఆలోచన. అరిచేవాణ్ణి నోరుముయ్యి అనకుండా, నీ వెనక నేనున్నాను అనాలి గది.

ఆ మోత ఏదై ఉండాలన్న దగ్గర పని ఆగిపోయింది. వాన చప్పుడు వినిపించి చూసింది. పిల్లనగ్రోవి, గంటలు, సముద్రం. అన్నయ్య అన్నిటికీ చెవులు మూసుకున్నాడు. చివరికి తన కూనిరాగమే పెడదామనుకుంది.

దాన్ని రికార్డు చేసింది నా దుకాణంలో. నాలుగు వైపులా ఫోమ్ దొంతర్లు ఉంటాయి కదా, గొంతు గోడలకి తగిలి తిరిగి రాదు. మధ్యలో స్టూలు వేసుకుని కూర్చుంది.

"ఫ్యాన్ ఆపెయ్యండి బాబాయ్. కుట్టుమిషను కూడా. మీరు ఊపిరి కొంచెం మెల్లగా పీల్చాలి."

"పూర్తిగా మానెయ్యమంటావా?"

"రికార్డింగు అయ్యేదాకా మానండి, తర్వాత మీ ఇష్టం," అంది.

చెమటలు కారుతుంటే కదలకుండా నిలబడ్డాను. ఆమె కళ్ళు మూసుకుని, అరచెయ్యి తన గొంతు మీద వేసుకుని మొదలుపెట్టింది. ఎంతసేపు తీసిందో తెలియదు. అంత మెత్తని చప్పుడు ఒక మనిషి గొంతులోంచి వస్తుందని అంతవరకూ నాకు తెలియదు. నా పిల్లలు చిన్నప్పుడు జ్వరంతో పడుకున్న రోజులు గుర్తొచ్చాయి.

గది తయారయ్యాక అన్నయ్యని మొదటిసారి లోపలికి తీసుకెళ్ళినప్పుడు నేనూ గుమ్మం దగ్గర ఉన్నాను. తలుపు బార్లా తీసి ఉంది. కొత్త చోటు కాబట్టి అతను బెదిరి ఒక్క కేక పెట్టాడు. గది నీలం అయింది. నేల కింద నుంచి చెల్లెలి గొంతు లేచింది. అతను ఆగాడు. చుట్టూ చూశాడు. చెల్లెలేమో పక్కనే నోరు మూసుకుని నిలబడి ఉంది. అతను నెమ్మదిగా నేల మీద కూర్చున్నాడు, తర్వాత బోర్లా పడుకున్నాడు, చెంప నేలకి ఆనించాడు. అరచెయ్యి నేల మీద వేసి అటూ ఇటూ జరిపి, అదురు ఎక్కడుందో పట్టుకున్నాడు. అప్పుడు నవ్వాడు. పెద్దోడు నవ్వడం నేను చూసింది అదొక్కసారే.

ఆమె బయటికొచ్చి వరండాలో స్తంభం పట్టుకుని ఏడ్చింది. "అమ్మ చూసుంటే బావుండేది," అంది. సంతోషంతో ఏడ్చిన మనిషిని చూడాలంటే ఆ రోజు ఆమెను చూడాలి.

కొన్ని నెలలు గడిచాయి. ఆదివారాలు ఆమె హోమ్‌కి వెళ్ళి, ముందు వరండాలోనే అన్నయ్యని చూసొచ్చేది. మొదట్లో అన్నయ్య చెయ్యి పట్టుకుని కూర్చునేవాడట. తర్వాత తర్వాత దూరంగా కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆమె మాట్లాడుతుంటే మొహం గోడవైపు తిప్పుకునేవాడు. ఇంటికి తీసుకెళ్ళలేదని అలిగాడేమో అనుకుంది. సూపరింటెండెంటు ఎదురొచ్చి, "మీ గది బ్రహ్మాండంగా పనిచేస్తోందమ్మా. ఎంత గోల చేసేవాళ్ళయినా లోపల పెడితే కాసేపట్లో చల్లబడిపోతున్నారు," అని మెచ్చుకుంటే సంతోషించింది. లోపల పెడితే అన్న మాట ఆ రోజు ఆమె చెవికి ఎక్కలేదు.

ఒకరోజు హోమ్ నుంచి ఫోన్. నేలలో ఒక స్పీకరు మూగబోయిందనీ, మెత్తలు చిరిగాయనీ, సోఫా ఆయన్ని కూడా వెంటబెట్టుకు రమ్మనీ. ఇద్దరం కలిసి వెళ్ళాం.

గది దగ్గరికి వెళ్ళేసరికి ఆమె కాళ్ళు ఆగిపోయాయి. తలుపుకి బయటివైపు గడియ ఉంది. మేం పెట్టింది కాదు. ఆ తలుపుకి ఏ వైపూ గడియ వద్దని, లోపలున్నవాళ్ళు వేలితో తోసినా తెరుచుకోవాలని, వడ్రంగితో నాలుగుసార్లు మార్పించింది ఆమె. ఇప్పుడు లావుపాటి ఇనప గడియ, రంగు కూడా వెయ్యలేదు.

లోపల మెత్తలన్నీ బాగానే ఉన్నాయి, తలుపు పక్కవి తప్ప. అక్కడ చేతికి అందే ఎత్తులో రెక్సిన్ చీలికలు చీలికలుగా ఉంది. ఫోమ్ గుప్పెళ్ళతో పీకేసి ఉంది. నేను ముప్ఫై ఏళ్ళుగా చిరిగిన మెత్తలే చూస్తున్నాను. కూర్చుని కూర్చుని చిరిగినవి వేరు, పిల్లి గీరినవి వేరు. ఇవి మనిషి గోళ్ళు. నేల మీద మరకలున్నాయి, కడిగినా పోని వాసన ఉంది.

తడిగుడ్డ పట్టుకుని ఆయా వచ్చింది. పెద్దావిడ, మంచి మనిషి.

"ఈ గడియ ఎందుకు పెట్టారు?" అంది లైట్లమ్మ.

"లేకపోతే బయటికొచ్చేస్తున్నారమ్మా. గొడవ చేస్తే లోపలికి పంపి గడియ పెడతాం. అరిచి అరిచి వాళ్ళే ఊరుకుంటారు. దానికే గదా మీరు కట్టింది?"

"ఎవరెవర్ని పెడతారు?"

"అందర్నీ పెడతామమ్మా." ఆయా కొంచెం తటపటాయించింది. "మీ అన్నయ్యనే ఎక్కువ."

లైట్లమ్మ నా వైపు చూసింది. గది ఎలా పనిచేస్తుందో నాకూ తెలుసు. లోపల మూసేస్తే మనిషి అరుస్తాడు. అరిచేకొద్దీ గది నీలం అవుతుంది, చీకటిలాంటి నీలం. అరిచేకొద్దీ ఆ కూనిరాగం పెరుగుతుంది. తలుపు మాత్రం తెరుచుకోదు.

సూపరింటెండెంటు గదిలోకి వెళ్ళాం. ఆవిడ కోపంగా మాట్లాడలేదు. కుర్చీలు చూపించింది, మంచినీళ్ళు తెప్పించింది. "తలుపు తెరిచి ఉండాలండీ. వాళ్ళకి వాళ్ళుగా రావాలి, వాళ్ళకి వాళ్ళుగా పోవాలి," అంది లైట్లమ్మ.

"నిజమేనమ్మా. కానీ నలభైమందికి ఇద్దరు ఆయాలు నాకు. ఒకడు లేచి కొట్టడం మొదలుపెడితే మిగతా అందరూ లేస్తారు. అంతకుముందు ఏం చేసేవాళ్ళమో తెలుసా? మంచానికి కట్టేసేవాళ్ళం. చేతులకి పుండ్లు పడేవి. ఇప్పుడు ఎవర్నీ కట్టట్లేదు. మీ గది వల్లే. నిజానికి మీరు సంతోషించాలి."

కట్టెయ్యండి అని లైట్లమ్మ ఎలా అంటుంది? అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది.

"మా అన్నయ్యని చూడాలి," అంది చివరికి.

పెద్దోడు పడక గదిలో మంచం మీద కూర్చుని చొక్కా అంచు నలుపుకుంటున్నాడు. గోళ్ళు అరిగిపోయి ఉన్నాయి. ఆమె ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. "అన్నయ్యా," అంది. అతను చొక్కా నలపడం ఆపాడు. ఆమెకి చిన్నప్పటి నుంచీ తెలిసిన విద్య ఒకటే. పెదవులు మూసి కూనిరాగం మొదలుపెట్టింది.

అతను రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు. మంచం మీంచి కిందికి పడ్డాడు. పాకుతూ మంచం కిందికి దూరి, గోడ మూలకి ముడుచుకుని, చిన్నపిల్లాడిలా బట్టలు తడిపేసుకున్నాడు. అరవలేదు. అరిస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళు పెద్దవి చేసి, ఆమె గొంతు వైపే చూస్తున్నాడు.

ఆమె వెంటనే ఆపేసింది. రెండు చేతులతో తన నోరే మూసుకుంది. నేను భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. "చేతులారా చేశాను బాబాయ్," అంది.

ఆ రోజే స్క్రూడ్రైవరు తీసుకుని గడియ విప్పేసింది. గోడలో పెట్టె తెరిచి, లైట్ల తీగలు, మైకు, తన గొంతు ఉన్న కార్డు, అన్నీ పీకి సంచిలో వేసుకుంది. హోమ్ సామాను తీసుకెళుతున్నారని సూపరింటెండెంటు ఏదో అంది, ఆమె వినిపించుకోలేదు.

అంతటితో అయిపోతుందనుకున్నాం. వారం తిరక్కుండా ఆయా ఫోన్ చేసింది. గడియ మళ్ళీ పెట్టారు. గదిలో ఇప్పుడు లైటు లేదు, కిటికీ మేమే మూయించాం కాబట్టి వెలుతురు కూడా లేదు. "చీకట్లో మరీ భయపడుతున్నారమ్మా. తల్లీ, మీకు పుణ్యముంటుంది, ఆ లైట్లయినా పెట్టి వెళ్ళండి," అని బతిమాలింది.

పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది వాళ్ళ బతుకు, తన మూలంగా. లైట్లమ్మ సంచి తీసుకుని మళ్ళీ వెళ్ళింది. నేనూ వెళ్ళాను. తీగలు కలిపింది. నీలం తీసేసి, ఎప్పుడూ ఒకేలా వెలిగే పల్చటి పసుపు వెలుగు పెట్టింది. గొంతు పెట్టలేదు. నేను తలుపు పక్క మెత్తలు మళ్ళీ కుట్టాను, గోళ్ళు విరగకుండా మందం గుడ్డతో. జైలుకి మరమ్మతు చేసినట్టుంది ఆ పని.

పై అధికారులకి ఫిర్యాదు పెట్టింది. ఇద్దరు వచ్చారు. తలుపు తెరిచి గదిలో కాసేపు కూర్చున్నారు. మెత్తలకి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. "ఎంత ప్రశాంతంగా ఉందండీ, మా ఆఫీసులో కూడా ఇలాంటిది ఉంటే బావుణ్ణు," అని ఒకాయన జోకు వేశాడట. గడియ గురించి అడిగితే, భద్రత కోసం అని రాసుకుని వెళ్ళిపోయారు.

ఇక అన్నయ్యని ఇంటికి తెచ్చేసుకుంది. ఈసారి భర్త అడ్డు చెప్పలేదు. అతనే తిరిగి తిరిగి, కింది అంతస్తులో, వెనకవైపు ఖాళీ స్థలం ఉన్న ఇల్లు వెతికాడు. లిఫ్టు లేదు, కింద ఎవరూ లేరు. కానీ ఆమె "అన్నయ్యా, అన్నం తిను" అంటే చాలు, అతను చెవులు మూసుకుని స్నానాల గదిలోకి పోయి కూర్చునేవాడు. ఆమె మాట మానేసింది. ముందు అతనితో, తర్వాత అతను వినేంత దూరంలో ఎవరితోనూ. కూతురు బడినుంచి వచ్చి తల్లిని పక్కింటి గోడ దగ్గరికి తీసుకెళ్ళి, అక్కడ కబుర్లు చెప్పుకునేది. ఫోన్ వస్తే ఆమె వీధి చివరికి నడిచేది.

విచిత్రమేమిటంటే, బావాబావమరుదులకి స్నేహం కుదిరింది. భర్త సాయంత్రం వచ్చి బట్టలైనా మార్చుకోకుండా పక్కన కూర్చునేవాడు. "బావా, ఇవాళ షాపులో దగ్గుమందు మొత్తం అయిపోయింది. ఊళ్ళో అందరికీ ఒకేసారి దగ్గొచ్చింది. జలుబు మాత్ర ఇచ్చి తలనొప్పి మాత్ర అని చెప్పానని ఒకావిడ నాతో పోట్లాడింది బావా," అంటూ చప్పగా, ఒకే గొంతుతో చెప్పుకుపోయేవాడు. పెద్దోడు చొక్కా నలుపుకుంటూ వినేవాడు. ఆమె భర్త చేత్తో పెడితే తినేవాడు. ఆమె వంట చేసి, కంచం గుమ్మం దగ్గర పెట్టి పక్కకి తప్పుకునేది. నేను వెళ్ళినప్పుడు వంటగది తలుపు సందులోంచి వాళ్ళిద్దర్నీ చూస్తూ నిలబడి ఉండేది.

"ఆయనంటే ఇష్టం కుదిరింది, మంచిదేగా అమ్మాయ్," అన్నానొకసారి, వీధిలోకి వచ్చాక.

"మంచిదే బాబాయ్. నేను కాదన్నానా?" అంది.

ఈలోగా ఆ గది సంగతి నలుగురికీ పాకింది. మెచ్చుకున్న సూపరింటెండెంటు గారే చెప్పి ఉంటుంది. అలాంటిదే మాకూ కావాలని వేరే హోమ్‌ల వాళ్ళు ఫోన్లు చేశారు. ఆమె చెయ్యనంది. వాళ్ళు ఇంకెవరిచేతో చేయించుకున్నారు. నా దగ్గరికే ఒకాయన గోడ మెత్తల కొలతలు పట్టుకొచ్చాడు. తలుపుకి గడియ ఎటువైపు అని అడిగాను. విచిత్రంగా చూసి, బయటే కదండీ అన్నాడు. నేను కుట్టనన్నాను. పక్క వీధిలో కుట్టించుకున్నాడు.

పెద్దోడు ఇంట్లో మూడు చలికాలాలు బతికాడు. మూడోదానిలో జ్వరం ఊపిరితిత్తులకి దిగింది. ఆస్పత్రిలో తెర కట్టిన మంచం మీద పడుకోబెట్టారు. భర్త పక్కనే స్టూలు మీద కూర్చుని, అలవాటు ప్రకారం షాపు కబుర్లు చెబుతూనే ఉన్నాడు. ఆమె తెర అవతల నిలబడింది. లోపలివాళ్ళకి తెర కింద నుంచి ఆమె చెప్పులు మాత్రమే కనబడతాయి. నేను ఆమె పక్కన ఉన్నాను. మధ్యాహ్నానికి డాక్టరు వచ్చి చూసి, తల అడ్డంగా ఊపి, ఇక స్పృహ రాదని చెప్పి వెళ్ళాడు.

భర్త తెర జరిపాడు. "రా. ఇప్పుడు మాట్లాడు, పర్లేదు. బావకి వినబడదు," అన్నాడు. అతను ప్రేమగానే అన్నాడు.

ఆమె వెళ్ళి మంచం పక్కన నిలబడింది. అన్నయ్య చెయ్యి పట్టుకుంది. వంగి చెవి దగ్గరికి మొహం తీసుకెళ్ళింది. పెదవులు కదిలాయి. గొంతు రాలేదు. కాసేపు అలాగే వంగి ఉండి, లేచి, దుప్పటి సర్ది మళ్ళీ తెర అవతలికి వచ్చేసింది. "ఏమో బాబాయ్, ఒకవేళ వినబడితే?" అంది నాతో, గుసగుసగా.

సాయంత్రానికి పోయాడు.

తర్వాత ఇంట్లో ఆమె మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టింది. కూతురికి ఆ గొంతు ఇంట్లో వినబడటం కొత్తగా ఉండి, మొదట్లో, "అమ్మా, మెల్లగా, మావయ్య..." అనేసి నాలుక కరుచుకునేదట. భర్త షాపు కబుర్లు చెప్పడం మానేశాడు. వచ్చి, తిని, పడుకునేవాడు. దుఃఖం అతనిదే ఎక్కువని ఆమె అంటుంది. అది నిజమో, తన వంతు కూడా అతనికి ఇచ్చేసిందో నాకు తెలియదు.

ఇప్పుడామె బజారులో కరెంటు సామాన్ల షాపులో పనిచేస్తోంది. మొన్న దుకాణానికి బల్బు కావాల్సి వెళ్ళాను. బల్బు పెట్టి చూపించి, కాగితం పెట్టెలో పెట్టి ఇచ్చింది. జుట్టు బాగా నెరిసింది.

"గదులు మళ్ళీ చెయ్యవా అమ్మాయ్?"

"లేదు బాబాయ్. ఎవరైనా అడిగితే చేసేవాళ్ళ నంబరు ఇస్తున్నాను."

"గడియ సంగతి చెబుతున్నావా?"

"చెబుతాను. సరే సరే అంటారు," అంది.

ఈలోగా ఎవరో వచ్చి ఫ్యానుకి రెగ్యులేటరు కావాలన్నారు. ఆమె నిచ్చెన వేసుకుని పై అరలోంచి తియ్యడానికి వెళ్ళింది. కాసేపు నిలబడి, బల్బు తీసుకుని వచ్చేశాను.